మొదటి స్పోర్ట్స్ బైకు: ఆర్15, ఆర్‌సీ 200, జిక్సర్ ఎస్ఎఫ్ 250 – ఏది మేలు?

"మామయ్యా, యమహా ఆర్15 తీసుకోనా, కేటీఎం ఆర్‌సీ 200 తీసుకోనా?" ఈ మధ్య ఈ ప్రశ్న అడిగినవాళ్లలో మా మేనల్లుడు నాలుగోవాడు. ఇంజినీరింగ్ అయిపోయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. ఇప్పటిదాకా నడిపింది ఇంట్లో ఉన్న స్ప్లెండరే. సుజుకి జిక్సర్ పేరు వాడూ ఎత్తలేదు, అంతకుముందు అడిగిన ముగ్గురూ ఎత్తలేదు. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అందరూ ముందు అడిగేది టాప్ స్పీడ్. ఈ మూడు బళ్లూ గంటకు 120 కిలోమీటర్లు తేలిగ్గా దాటుతాయి. కొత్తగా నేర్చుకునేవాడికి అంతకంటే ఎక్కువ అవసరం లేదు కాబట్టి ఆ లెక్క నేను పక్కన పెట్టేస్తాను. నేను చూసేది పది కిలోమీటర్ల వేగంలో బండి ఎలా ఉంటుందన్నది.

నా మొదటి ఫెయిరింగ్ బండి (ముందు భాగాన్నీ ఇంజిన్‌నూ కప్పే ప్లాస్టిక్ తొడుగున్న బండి) కొన్న మూడో వారంలోనే పడ్డాను. హైవే మీద కాదు, మా కాలనీ రోడ్డులో యూటర్న్ కొడుతూ. పాత బండి తిరిగినంత చోటులో ఇదీ తిరుగుతుందనుకున్నాను. హ్యాండిల్ చివరిదాకా తిప్పినా బండి సగమే తిరిగింది. ఎదురుగా గోడ కనబడగానే కంగారులో ముందు బ్రేకు పట్టేశాను. బండి కుడివైపు వాలిపోయింది, ఆపుదామని పెట్టిన కాలు ఇసుకలో జారింది. నాకు దెబ్బలేమీ తగల్లేదు గానీ ఫెయిరింగ్, ఇండికేటర్, బ్రేక్ లివర్ పోయాయి. అప్పటి నా జీతంలో మూడో వంతు ఆ బిల్లుకే పోయింది.

స్పోర్ట్స్ బండి హ్యాండిల్ మామూలు బండంత తిరగదు. కింద బిగించిన హ్యాండిల్ బార్లు కొంచెం తిప్పగానే ట్యాంకు దగ్గరికో ఫెయిరింగ్ దగ్గరికో వచ్చేస్తాయి. పైగా ముందుకు వంగి కూర్చుంటాం కాబట్టి ఒంటి బరువు మణికట్ల మీద పడుతుంది. బరువు మోస్తున్న చేత్తోనే యాక్సిలరేటర్ కూడా తిప్పాలి. గుంత తగిలినప్పుడు చెయ్యి కదిలిందంటే రేజ్ కూడా కదులుతుంది. అలవాటైనవాడు ట్యాంకును మోకాళ్లతో గట్టిగా పట్టుకుని చేతులు వదులుగా ఉంచుతాడు. కొత్తవాడు హ్యాండిల్‌నే గట్టిగా పట్టుకుంటాడు. అందుకే మొదటి బండి ఎంచుకునేటప్పుడు హ్యాండిల్ ఎంత ఎత్తులో ఉంది, రెండు కాళ్లూ నేలకు ఆనుతున్నాయా, తక్కువ రేజ్‌లో ఇంజిన్ లాగుతుందా అన్న మూడే ముందు చూడమంటాను.

ఆర్15తో మొదలుపెడతాను. మన దేశంలో స్పోర్ట్స్ బైకు మీద మధ్యతరగతి కుర్రాడికి ఆశ పుట్టించిన బండి ఇదే. 2008లో వచ్చింది, ఇప్పుడున్న వీ4 రూపం 2021 నాటిది. 155 సీసీ ఇంజిన్, 18.4 పీఎస్ పవర్. దీని గొప్పతనమంతా బరువులో ఉంది. 140 కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి బండి వాలుతున్నా సన్నటి కుర్రాడు కూడా నిలబెట్టుకోగలడు. వంపుల్లో అనుకున్న గీత మీదే పోతుంది. సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు, కానీ ముందు వైపు సన్నగా ఉండటం వల్ల కాళ్లు బాగానే అందుతాయి. ఇబ్బందల్లా రెండు చోట్ల. ఒకటి, హ్యాండిల్ బాగా కింద ఉంటుంది. రెండోది ఇంజిన్ తీరు: వాల్వుల ఏర్పాటు ఇంజిన్ నిమిషానికి 7,400 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే దగ్గర మారుతుంది, అసలు ఊపు ఆ పైనే. మియాపూర్ నుంచి పంజాగుట్ట దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో ఆ ఆర్‌పీఎం ఎక్కడ దొరుకుతుంది? మొదటి, రెండో గేర్ల మధ్య హాఫ్ క్లచ్ మీద ఈడ్చుకుంటూ రావాలి. ఇంటికి చేరేసరికి ఎడమ చెయ్యీ నడుమూ రెండూ నొప్పే.

ఆర్‌సీ 200 అంటే నాకు గౌరవం. 199.5 సీసీ, 25 పీఎస్. రేస్ ట్రాక్ మీద నేర్చుకుందాం అనుకునేవాడికి ఈ మూడింట్లో ఇదే గురువు. కానీ రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే కొత్తవాడికి నేను చెప్పను. 160 కిలోల బండి, మూడింట్లో ఎత్తైన సీటు దీనిదే. ఐదడుగుల ఐదంగుళాల మనిషి సిగ్నల్ దగ్గర మునివేళ్ల మీద నిలబడాలి. రోడ్డు ఒక పక్కకు వాలుగా ఉంటే ఆ ఆధారం కూడా పోతుంది. ఇంజిన్ కూడా కింద నింపాదిగా ఉండి పైకి వెళ్లాక ఒక్కసారి దూకుతుంది. ఆ దూకుడు నచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, అనుభవం వచ్చాక నాకూ నచ్చింది. యాక్సిలరేటర్ మీద చెయ్యి కుదరనివాడికి మాత్రం అది టెన్షనే. మే నెల ట్రాఫిక్‌లో రేడియేటర్ ఫ్యాన్ వదిలే వేడి గాలి కాళ్లకు కొట్టడం వేరే సంగతి. ధర కూడా మూడింట్లో ఎక్కువ.

ఇక జిక్సర్ ఎస్ఎఫ్ 250. 2019లో వచ్చింది. పోస్టర్ పెట్టుకునేంత అందగత్తె కాదు, ఒప్పుకుంటాను. కాగితం మీద చూస్తే మాత్రం 249 సీసీ, 26.5 పీఎస్. అంటే ఈ మూడింట్లో పవర్ దీనికే ఎక్కువ. అయినా నడపడానికి అన్నిటికంటే నెమ్మదస్తురాలు. కారణం టార్క్, అంటే ఇంజిన్ లాగే బలం. ఆర్15లో 14.2 న్యూటన్ మీటర్లుంటే దీనిలో 22.2. ఇంజిన్ పెద్దది కావడం వల్ల కింది నుంచే లాగుతుంది. మూడో గేరులో స్పీడ్ బ్రేకర్ దాటినా గింజుకోదు. క్లచ్ వదిలేటప్పుడు రేజ్ కాస్త తగ్గినా ఇంజిన్ చప్పున ఆగిపోదు. యూటర్న్ మధ్యలో ఇంజిన్ ఆగడం వల్లే సగం మంది కొత్తవాళ్లు బండి పడేసుకుంటారని నా నమ్మకం. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. హ్యాండిల్ మిగతా రెండింటికంటే పైన ఉంటుంది కాబట్టి నడుము దాదాపు నిటారుగానే ఉంటుంది. ఇంజిన్‌ను ఆయిల్‌తోనే చల్లబరుస్తారు, కూలెంట్ గొడవ లేదు. 161 కిలోల బరువొక్కటే దీని లోటు. ఆర్15 నుంచి దీని మీదకు మారితే ఆ ఇరవై కిలోల తేడా పార్కింగ్‌లో వెనక్కి నెట్టేటప్పుడు తెలుస్తుంది. మరీ సన్నగా ఉన్నవాళ్లు ఒక్కళ్లే తిరిగేట్టయితే ఆర్15 వైపు మొగ్గినా నేను కాదనను.

వెనక సీటు గురించి కుర్రాళ్లు అడగరు, నేనే చెప్తాను. ఆర్15, ఆర్‌సీ వెనక సీట్లు బాగా ఎత్తు. చీర కట్టుకున్న అమ్మ పక్కకు తిరిగి కూర్చుని గుడికి రావడం అయ్యే పని కాదు. జిక్సర్ మీద అంత హాయి కాకపోయినా కూర్చోగలుగుతారు. మా అక్క కూర్చుని చూసింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పల్సర్ ఆర్ఎస్ 200 మంచి బండే, సర్వీస్ చిన్న ఊళ్లలో కూడా దొరుకుతుంది. జిక్సర్ సర్వీస్ సెంటర్ మీ ఊరికి దూరమైతే ఇది చూడండి. అపాచీ ఆర్ఆర్ 310 కొత్త రూపంలో 38 పీఎస్, ఇది రెండో బండిగా బాగుంటుంది. నింజా 300 రెండు సిలిండర్ల బండి, నున్నగా పోతుంది, ఖర్చు వేరే స్థాయి.

ఏది కొన్నా బ్రేకుల దగ్గర ఒక అలవాటు మార్చుకోవాలి. స్ప్లెండర్ నడిపినవాడి కుడికాలు ముందుగా వెనక బ్రేకు మీదకు పోతుంది. బ్రేకు పట్టగానే బరువు ముందు చక్రం మీదకు వస్తుంది కాబట్టి ఈ బళ్లను ఆపేది ప్రధానంగా ముందు డిస్కే. దాన్ని ఒక్కసారి పీకకుండా, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కాలి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు, నెమ్మదిగా పోతున్నప్పుడు మాత్రం దాని జోలికి పోకుండా వెనక బ్రేకుతోనే పని కానివ్వాలి. నేను పడింది ఇది తెలియకే. మూడింటికీ రెండు చక్రాల ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది, కానీ యూటర్న్‌లో వాలిపోయే బండిని ఏబీఎస్ నిలబెట్టదు.

డబ్బు సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన రేట్లు నమ్మకండి, షోరూంలో ఆన్ రోడ్ ధర రాయించుకోండి. మూడింట్లో ఆర్15 చవక, మధ్యలో జిక్సర్. ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రిసియేషన్ తప్పకుండా తీసుకోండి. అది లేకపోతే ప్లాస్టిక్ భాగాలకు క్లెయిమ్‌లో సగమే ఇస్తారు, ఈ బళ్లలో పగిలేదంతా ప్లాస్టిక్కే. నేను తీసుకోలేదు, అందుకే ఆ బిల్లు అంత గట్టిగా తగిలింది.

టెస్ట్ రైడ్‌కు వెళ్తే నేరుగా మెయిన్ రోడ్డెక్కకండి. షోరూం పక్క వీధిలో కుడికి ఒక యూటర్న్, ఎడమకు ఒకటి కొట్టండి. తర్వాత పది నిమిషాలు ట్రాఫిక్‌లో మొదటి గేరులో నడపండి. మేనల్లుడితో మూడు బళ్ల మీదా అదే చేయించాను. ఆర్15 దిగేటప్పుడు వాడి ముఖంలో సంతోషం చూశాను, జిక్సర్ దిగేటప్పుడు ఆ వెలుగు లేదు. కానీ కాలు కింద పెట్టకుండా రెండు వైపులా తిప్పింది జిక్సర్ ఒక్కదాన్నే, అదీ మొదటిసారికే. రెండు రోజులు ఆలోచించి దానికే అడ్వాన్స్ కట్టాడు. బండి వచ్చే వారం వస్తుంది. ఈలోపు ఐఎస్ఐ గుర్తున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, గ్లవ్స్ కొనడానికి ఈ శనివారం ఇద్దరం కోఠీ వెళ్తున్నాం.