ఉన్నదాన్నే వాడటమా, మెరుగైనది కొనటమా: పర్యావరణానికి ఏది మేలు?

మా తలుపు వెనక కొక్కేనికి పద్నాలుగు గుడ్డ సంచులున్నాయి. నేను కొన్నవి రెండే. మిగతావి సదస్సులకీ ప్రారంభోత్సవాలకీ వెళ్లినప్పుడు చేతిలో పెట్టినవి. దాదాపు ప్రతిదాని మీదా ఓ పచ్చటి ఆకు బొమ్మ ఉంది. బజారుకి తీసుకెళ్లేది మాత్రం ఎప్పుడూ ఒకటే సంచి, అదీ మాసిపోయింది. మిగతా పదమూడూ ఊరికే వేలాడుతూ ప్రకృతికి ఏం మేలు చేస్తున్నాయో చూద్దామని లెక్కలు తిరగేశాను.

బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ఓ అధ్యయనం ప్రచురించింది. ముడిసరుకు దగ్గర్నుంచి చెత్తలో పడేదాకా ఒక్కో రకం సంచి వల్ల భూమిని వేడెక్కించే వాయువులు ఎంత విడుదలవుతాయో అందులో లెక్కగట్టారు. కొట్లో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ సంచిని ఒక్కసారి వాడి పారేస్తే పడే భారం ఎంతో, దానికి సమానం కావాలంటే కాగితం సంచిని 3 సార్లు, మందపాటి ప్లాస్టిక్ సంచిని 4 సార్లు, నేయని పాలీప్రొపిలీన్ (గుడ్డలా కనిపించే ఒక రకం ప్లాస్టిక్) సంచిని 11 సార్లు, నూలు గుడ్డ సంచిని 131 సార్లు వాడాలి. ఆ పల్చటి సంచినే మళ్లీ చెత్తబుట్టలో కవరుగా వేసుకుంటే గుడ్డ సంచి లెక్క 327కి పెరుగుతుంది. వారానికోసారి బజారుకెళ్లే మనిషికి 131 సార్లంటే రెండున్నరేళ్లు. మా మాసిపోయిన సంచి ఎప్పుడో గట్టెక్కింది. పదమూడింటికి ఇంకా అప్పు తీరలేదు.

ఇది చదివి 'అయితే ప్లాస్టికే నయమన్నమాట' అనుకోకండి. ఆ అంకెలు వాతావరణ మార్పు ఒక్కదానికే సంబంధించినవి. మురుగుకాలవలో అడ్డంపడే సంచి, సముద్రంలో తాబేలు మింగే సంచి వాటిలోకి రావు. ఇంట్లో ఏ సంచి ఉంటే దాన్నే చిరిగేదాకా వాడటం మేలని నేననుకుంటున్నాను. వ్యాపారం చేసేవాళ్లయితే, కానుకగా ఇంకో గుడ్డ సంచి పంచడం కన్నా ఏమీ పంచకపోవడమే మేలు.

సంచి చిన్న సంగతే గానీ, ఏ రెండు వస్తువుల్ని పోల్చినా ముందు అడగాల్సిన ప్రశ్న అక్కడే దొరుకుతుంది. ఈ వస్తువు భారం ఎక్కువగా తయారీలో ఉందా, వాడకంలో ఉందా? సంచి భారమంతా తయారీలోనే. వాడేటప్పుడు అది కరెంటు తినదు, పొగ వదలదు. అలాంటివి ఎంతకాలం వాడితే అంత మంచిది. భారం వాడకంలో ఉన్న వస్తువు దగ్గర ఇదే సలహా బెడిసికొడుతుంది. 'ఉన్నదాన్నే వాడు' అనేవాళ్లూ, 'మెరుగైనది కొను' అనేవాళ్లూ ఇద్దరూ పర్యావరణం పేరుతోనే చెబుతారు. ఇద్దరి మాటా నిజమే, కాకపోతే వేర్వేరు వస్తువుల విషయంలో.

బల్బు తీసేయాలి, ఫోన్ ఉంచుకోవాలి

60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు రోజుకి 5 గంటలు వెలిగితే ఏడాదికి దాదాపు 110 యూనిట్లు తింటుంది. అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి 16 చాలు. ఫిలమెంట్ బల్బు తీసుకునే కరెంటులో 90 శాతం వరకూ వేడిగానే పోతుంది. కాబట్టి అది పనిచేస్తున్నా సరే తీసేయడం మేలు. 'బాగానే వెలుగుతోంది కదా, మాడిపోయాక మారుద్దాం' అనుకోవడం పొదుపులా కనిపిస్తుంది, కానీ కాదు. సీఎఫ్ఎల్ అయితే తొందర లేదు. ఎల్ఈడీకీ దానికీ తేడా అంత పెద్దది కాదు గనక పోయాకే మార్చుకోవచ్చు. సీఎఫ్ఎల్‌లో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది, మామూలు చెత్తలో వేయకూడదు.

ఫోన్ దగ్గరికొచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. రోజూ పూర్తిగా చార్జింగ్ పెట్టినా ఏడాదికి పది యూనిట్లు దాటవు. దాని మొత్తం భారంలో నాలుగింట మూడు వంతులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, అట్టపెట్టె విప్పేలోపే పడిపోయి ఉంటుంది. గనుల తవ్వకం, చిప్పుల తయారీ, తెర తయారీ, అన్నీ అందులోవే. ఫోన్ తీసేశాక చార్జర్ ప్లగ్గులోంచి పీకామా లేదా అని టెన్షన్ పడేవాళ్లు, రెండేళ్లకోసారి కొత్త ఫోన్ కొనడం గురించి ఆలోచించరు. రెండోదే అసలు ఖర్చు. బ్యాటరీ ఒక్కటి మార్పించి నాలుగేళ్లు వాడితే తయారీ భారం ఏడాదికి సగమైపోతుంది.

ల్యాప్‌టాప్‌దీ అదే దారి. చాలా సంస్థల్లో మూడేళ్లు నిండగానే అందరి ల్యాప్‌టాప్‌లూ మార్చేసే ఆనవాయితీ ఉంది. దాన్ని ఐదేళ్లకు పొడిగిస్తే తయారీ వాటా ఏడాదికి 40 శాతం తగ్గుతుంది. ఇందుకు కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు, ఓ నిబంధనలో ఒక అంకె మార్చాలంతే. కాగితం ఆదా చేయండంటూ ప్రతి ఈమెయిల్ కింద వాక్యం చేర్చే సంస్థలు ముందు ఈ అంకె చూసుకుంటే బాగుంటుంది.

ఫ్రిజ్, ఏసీ, వాహనం

ఈ రెండు కొసల మధ్య వచ్చేవే చిక్కు. ఫ్రిజ్ రాత్రింబవళ్లు నడుస్తుంది, కాబట్టి దాని భారం వాడకంలోనే ఎక్కువ. 1970లలో అమెరికాలో అమ్మిన ఫ్రిజ్‌లు ఏడాదికి 1800 యూనిట్ల దాకా తినేవి. ఇప్పటివి సైజులో పెద్దవే అయినా అందులో మూడో వంతు కూడా తినవు. మరి మన ఇంట్లో పదేళ్ల ఫ్రిజ్‌ని మార్చాలా? వయసు చూసి చెప్పలేం. ప్లగ్గుకి తగిలించే చిన్న కరెంటు మీటరు ఒకటి వారం పాటు పెట్టి, వచ్చిన యూనిట్లని 52తో గుణించి, కొత్తదాని మీద రాసిన ఏడాది యూనిట్లతో పోల్చుకోవాలి. సగానికి సగం తేడా ఉంటే మార్చడం మేలు. వంద యూనిట్ల లోపైతే తలుపు చుట్టూ ఉండే రబ్బరు మార్పించి అదే వాడుకోవడం మేలు. అన్నిటికన్నా చెడ్డ పని ఇంకోటుంది. కొత్త ఫ్రిజ్ కొని, పాతదాన్ని 'పడుంటుంది' అని వెనక గదిలో నడుపుతూ ఉంచడం. అప్పుడు తయారీ భారమూ, వాడకం భారమూ రెండూ నెత్తిన పడతాయి.

ఏసీలో చాలామంది పట్టించుకోనిది గ్యాసు. ఆర్-410ఎ అనే గ్యాసు కిలో లీకైతే దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత దెబ్బ. కొన్ని ఏసీల్లో దాని బదులు వాడే ఆర్-32కి ఆ లెక్క 675 కిలోలే. 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలు ఒప్పందం చేసుకున్నది ఈ రకం గ్యాసుల్ని తగ్గించడానికే. కాబట్టి చల్లదనం తగ్గినప్పుడల్లా గ్యాసు నింపించుకోవడమా, లీకు ఎక్కడుందో వెతికించడమా అంటే రెండోదే, సందేహం లేదు. నింపిన గ్యాసంతా మళ్లీ ఆకాశంలోకే పోతుంది మరి.

వాహనం విషయంలో జనం గొంతెత్తి వాదించుకుంటారు. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ తయారీ వల్ల పెట్రోల్ కారు కన్నా ఎక్కువ అప్పుతో రోడ్డెక్కుతుంది. ఆ మాట నిజమే. పెట్రోల్ కారు మాత్రం తగలబెట్టే ప్రతి లీటరుకీ సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. స్వచ్ఛ రవాణాపై పనిచేసే ఐసీసీటీ అనే అంతర్జాతీయ సంస్థ 2021లో జీవితకాలపు లెక్క తీసింది. మధ్యరకం ఎలక్ట్రిక్ కారు ఐరోపాలో 66 నుంచి 69 శాతం, బొగ్గు కరెంటు ఎక్కువగా ఉన్న చైనాలో 37 నుంచి 45 శాతం తక్కువ ఉద్గారాలతో తేలింది. అంటే మేలు ఎంతన్నది మీ కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందో దాన్ని బట్టి ఉంటుంది గానీ, మేలైతే ఉంది.

కానీ ఆ పోలిక కొత్త కారుకీ కొత్త కారుకీ మధ్య. వారానికోసారి బయటికి తీసే పాత కారున్నవాళ్లు దాన్ని అమ్మి ఎలక్ట్రిక్ కొనాల్సిన తొందరేమీ లేదు. పొద్దస్తమానం తిరిగే డెలివరీ బండ్లు, ట్యాక్సీలు నడిపే వ్యాపారాలకి మాత్రం ఆలస్యం చేయడమే నష్టం. కిలోమీటర్లు ఎక్కువున్నచోట మార్చాలి, తక్కువున్నచోట ఆగాలి.

సోలార్ పలకలా, లీకు పట్టడమా?

వ్యాపారాల దగ్గర ఈ పోటీలో దాదాపు ఎప్పుడూ సోలార్ పలకలే గెలుస్తాయి, ఎందుకంటే అవి ఫొటోలో కనిపిస్తాయి. గాలి గొట్టంలో లీకు కనిపించదు, వినిపిస్తుంది. అదీ మిషన్లన్నీ ఆపాకే.

కరెంటుతో నడిచే కంప్రెసర్ నొక్కి నింపే గాలిని వాడే వర్క్‌షాపుని తీసుకోండి. పట్టించుకోకుండా వదిలేసిన చోట్ల కంప్రెసర్ నింపే గాలిలో 20 నుంచి 30 శాతం గొట్టాల అతుకుల్లోంచీ కప్లింగుల్లోంచీ కారిపోవడం మామూలే. పని లేని పూట ఒకరు సబ్బునీళ్లు పట్టుకుని అతుకు అతుక్కీ రాసుకుంటూ వెళ్తే బుడగలొచ్చిన చోటల్లా లీకే. అవసరమైన దానికన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి నడపడం ఇంకో దుబారా.

ఫ్యాన్లూ పంపులూ ఉన్నచోట దీనికన్నా పెద్ద పొదుపు ఉంది. ఫ్యాన్ వేగానికీ, అది తీసుకునే కరెంటుకీ ఉన్న సంబంధం ఘనం లెక్కలో ఉంటుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే కరెంటు 80 శాతానికి కాదు, దాదాపు సగానికి పడిపోతుంది. 0.8ని మూడుసార్లు గుణించి చూసుకోండి, 0.512 వస్తుంది. అయినా చాలాచోట్ల మోటారుని పూర్తి వేగంతో తిప్పుతూ, గాలి ఎక్కువైందని అడ్డంగా ఓ రేకు దించుతారు. కారు యాక్సిలరేటర్ మీద ఒక కాలు, బ్రేకు మీద ఒక కాలు వేసి నడిపినట్టు. అవసరాన్ని బట్టి వేగం మార్చే డ్రైవ్ బిగిస్తే ఆ బాధ పోతుంది. ప్రపంచంలో వాడే కరెంటులో 40 శాతానికి పైగా మోటార్లకే పోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

నేను సోలార్‌కి వ్యతిరేకిని కాను. వరస మాత్రం ముఖ్యం. లీకులు పట్టకముందే పలకలు పెడితే, ఆ లీకులకి కూడా సరిపడా పలకలు కొన్నట్టవుతుంది. ముందు అవసరం తగ్గించి, తగ్గిన అవసరానికి పలకలు కొలుచుకుంటే అదే పైకప్పు మీద ఎక్కువ పని జరుగుతుంది.

కప్పులూ, మిగిలిన అన్నమూ

ఆఫీసులో కాగితం కప్పా, పింగాణీ కప్పా? కెనడాకి చెందిన రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హాకింగ్ 1994లో తయారీకీ, కడగడానికీ అయ్యే శక్తి రెండూ కలిపి లెక్కేశాడు. పింగాణీ కప్పు 39 సార్లు వాడాక కాగితం కప్పు కన్నా మేలవుతుంది. రోజుకి రెండుసార్లు వాడితే నెల రోజుల మాట. వేడినీళ్లతో గంటల తరబడి కడగకుండా చూసుకుంటే చాలు. ఇక 'మట్టిలో కలిసిపోతుంది' అని రాసి ఉండే పీఎల్ఏ (మొక్కజొన్న లాంటి పంటల నుంచి చేసే ప్లాస్టిక్) కప్పుల సంగతి. అవి కుళ్లడానికి 60 డిగ్రీల దాకా వేడి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రాలు కావాలి. పెరటి గుంతలోనో, సముద్రంలోనో అవి ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. అలాంటి కేంద్రం మీ చెత్త బండి వెళ్లే దారిలో లేకపోతే ఆ కప్పుకీ మామూలు ప్లాస్టిక్ కప్పుకీ పెద్ద తేడా లేదు.

అన్నం విషయంలో పోలిక ఇంకా తేలిక. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని పారేసింది. అందులో 60 శాతం ఇళ్లలోంచే. చెత్తగుట్టల్లో గాలి ఆడకుండా కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది, కాబట్టి పారేయడం కన్నా కంపోస్టు చేయడం మేలు. కానీ పండించడానికి పట్టిన నీళ్లూ, ఎరువులూ, రవాణా కంపోస్టుతో తిరిగి రావు. మిగలకుండా చూసుకోవడం అంతకన్నా చాలా మేలు. క్యాంటీన్ నడిపేవాళ్లయితే రెండు వారాలు మిగిలినదాన్ని రోజూ తూకం వేసి గోడ మీద రాయండి. ఏది ఎక్కువ వండుతున్నారో వంటవాళ్లకే తెలిసిపోతుంది.

తగ్గించడమా, పరిహారం కొనడమా?

ఎక్కడో చెట్లు నాటించి, అక్కడ పీల్చుకున్న కార్బన్‌ని ఇక్కడ వదిలిన దాంతో కొట్టేసుకోవడం చాలా సంస్థలకి సులువైన దారి. రెండిట్లో తగ్గించడమే మేలు. కాల్చని బొగ్గు భూమిలోనే ఉంటుంది. నాటిన చెట్టు పెరగాలి, కార్చిచ్చులో కాలిపోకూడదు, ఎవరూ నరకకూడదు, పైగా ఆ డబ్బు లేకపోయినా ఎలాగూ నిలిచి ఉండే అడవిని చూపించి అమ్ముతూ ఉండకూడదు. తగ్గించడానికి వీల్లేని మిగులుకైతే పరిహారం కొనడంలో తప్పు లేదు. ఎవరైనా సరఫరాదారు తమ సరుకు 'కార్బన్ న్యూట్రల్' (అంటే నికరంగా కార్బన్ వదలనిది) అని చెబితే రెండు అంకెలు విడివిడిగా అడగండి: సొంతంగా తగ్గించింది ఎంత, డబ్బిచ్చి కొన్నది ఎంత. రెండూ కలిపి ఒకే అంకె చెబితే, తగ్గించింది సున్నా అనే అనుకుని బేరం మొదలుపెట్టండి.