మొదటి రేసుకి ఏది మేలు: ఐదా, పదా, ఇరవయ్యొకటా?

మా చెల్లి మొన్న ఫోన్ చేసి అడిగింది: "అక్కా, పరుగు రేసుకి పేరు ఇద్దామనుకుంటున్నా. ఐదు కిలోమీటర్లకి ఇవ్వనా, పదికా? మా ఆఫీసులో అందరూ హాఫ్ మారథాన్‌కే, అంటే ఇరవయ్యొకటికే ఇస్తున్నారు."

విశాఖలో చలి మొదలయ్యే ముందు ఈ ప్రశ్న చాలా ఇళ్లలో వినబడుతుంది. నేవీ మారథాన్ రోజులు దగ్గర పడ్డాయంటే తెల్లారకముందే బీచ్ రోడ్డు మీద కొత్త మొహాలు కనిపిస్తాయి. నేను ఈ మూడు దూరాలూ వేర్వేరు రేసుల్లో పరుగెత్తాను. కాకపోతే వరస తప్పాను: ముందు ఐదు, తర్వాత ఏకంగా ఇరవయ్యొకటి, ఆ తర్వాత పది. రెండు మూడు నెలలుగా వారానికి మూడు రోజులైనా పరుగెత్తుతున్న వాళ్లకి మొదటి రేసు పదే మేలని నా గట్టి నమ్మకం.

ఐదు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ప్రాక్టీసులో నాకు కిలోమీటరుకి ఏడున్నర నిమిషాలు పట్టేది. రేసు రోజున మైకులో అరుపులు, డప్పులు, చుట్టూ వందల మంది. ఆ ఊపులో మొదటి కిలోమీటరు ఆరు నిమిషాల్లో దాటేశాను. మూడో కిలోమీటరుకి డొక్కలో పట్టేసింది, నడిచాను. అంతలోనే రేసు అయిపోయింది. తప్పు తెలిసింది గానీ, దిద్దుకోవడానికి దూరం మిగల్లేదు. పైగా ఐదులో పిల్లల చేతులు పట్టుకున్న తల్లిదండ్రులు, నడిచేవాళ్లు, ఫొటోల కోసం ఆగేవాళ్లు ఎక్కువ. అది వాళ్ల పండగ, ఉండాలి కూడా. వాళ్లని తప్పించుకుంటూ వెళ్తే మాత్రం మన వేగం ఎంతో మనకి అంతుపట్టదు. ఇప్పుడిప్పుడే నడక నుంచి పరుగుకి వస్తున్నవాళ్లూ, పిల్లలతో కలిసి వెళ్లాలనుకునేవాళ్లూ నిస్సంకోచంగా ఐదుకే పేరు ఇవ్వండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఎంత దూరానికైనా ముందు డాక్టరుని అడగండి.

ఇక ఇరవయ్యొకటి. లెక్కకి 21.0975 కిలోమీటర్లు, ఫుల్ మారథాన్ 42.195లో సరిగ్గా సగం. "ఐదు చేశావు కదా, హాఫ్ చేసెయ్" అన్నారు తోటివాళ్లు, సరేనన్నాను. నా ప్రాక్టీసంతా బీచ్ రోడ్డు మీద కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా, మళ్లీ వెనక్కి. అదంతా దాదాపు చదును. పొద్దున్నే బండ్లు ఉండవు, పక్కన సముద్రం, హాయిగా సాగేది. రేసు దారి రుషికొండ వైపు. అప్పుఘర్ దాటి తెన్నేటి పార్కు వైపు రోడ్డు ఎత్తెక్కుతుంది. కార్లో వెళ్లినన్నాళ్లూ ఆ ఎత్తు నాకు ఎత్తులా అనిపించలేదు. ఆ రోజు పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. రోడ్డు పక్కన తలపాగా చుట్టుకున్న ఓ పెద్దాయన నన్ను చూసి, "నెమ్మదిగా ఎల్లమ్మా, ఇంకా సానా దూరముంది" అన్నాడు. ఆ మాట నేను మొదటి కిలోమీటరులోనే విని ఉండాల్సింది.

మన ఊళ్లో హాఫ్‌కి కాళ్ల బలం ఒక్కటే చాలదు. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. కొత్తవాళ్లకి హాఫ్ రెండున్నర గంటలైనా పడుతుంది. ఐదింటికి మొదలుపెట్టినా చివరి గంట ఎండలోనే, తూర్పున సముద్రం మీంచి సూటిగా మొహం మీదకి వచ్చే ఎండలో. నేను భయంకొద్దీ ప్రతి స్టాల్ దగ్గరా రెండేసి గ్లాసుల మంచినీళ్లు తాగాను. కడుపు ఉబ్బరం, తల తిరగడం. గంటల తరబడి ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదం కావచ్చని తర్వాత తెలిసింది. దాహం వేసినంతే తాగాలి, పరుగు గంటన్నర దాటితే మధ్యలో ఓఆర్‌ఎస్ లాంటిది పడాలి.

ఇంకో సంగతి, అందరికీ గట్టిగా చెప్పాలనుకునేది: ఊపిరి త్వరగానే అలవాటు పడుతుంది, కండ ఆ తర్వాత గట్టిపడుతుంది, కండని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులు (టెండన్లు) మాత్రం నెలల మీద గానీ గట్టిపడవు. "ఆయాసం రావట్లేదు కదా" అని దూరం పెంచేస్తే దెబ్బ అక్కడ తగులుతుంది. నేను హాఫ్ పూర్తి చేశాను, మెడల్ కూడా ఇంట్లో ఉంది. కానీ ఆ తర్వాత రెండు నెలలు మోకాలి నొప్పితో పరుగే మానేశాను. కొందరు అక్కడితో పూర్తిగా మానేస్తారు, నా బాధంతా అదే.

పది కిలోమీటర్లంటే కొత్తవాళ్లకి గంటా పది, గంటా ఇరవై నిమిషాలు. ఎండ ముదరకముందే ముగుస్తుంది. ఒంట్లో ఉన్న శక్తే సరిపోతుంది, మధ్యలో తినాల్సిన పని లేదు. అన్నిటికన్నా మేలు, తప్పు దిద్దుకునే చోటు ఉండడం. నా పదిలో కూడా మొదట్లో తొందరపడ్డాను. నాలుగో కిలోమీటరు దగ్గర ఊపిరి అందట్లేదని గమనించి, పక్కనున్నవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మదించాను. ఏడు దాటేసరికి కాళ్లు కుదురుకున్నాయి, చివరి రెండు కిలోమీటర్లలో చాలామందిని దాటాను. ఆ రోజు ఆ రెండు కిలోమీటర్లలో కలిగిన సంతోషం నాకు హాఫ్ మెడల్ ఇవ్వలేదు. మూడో రోజు మళ్లీ బీచ్ రోడ్డు మీద ఉన్నాను.

హాఫ్‌కి సరిపోయేవాళ్లూ ఉన్నారు. ఆదివారాలు పదహారు కిలోమీటర్లు నొప్పి లేకుండా పరుగెత్తుతూ, తెన్నేటి పార్కు ఎత్తు నాలుగైదుసార్లు ఎక్కి దిగినవాళ్లు వెళ్లొచ్చు. పేరు ఇచ్చే ముందు ఎంత సమయంలోగా పూర్తి చేయాలో చూసుకోండి.

చెల్లికి పదికే పేరు ఇప్పించాను. రేసువాళ్లు ఇచ్చిన కొత్త టీషర్టు ఆ రోజు వేసుకోవద్దని చెప్పాను. నా హాఫ్‌లో చంకల కింద ఒరుసుకుపోయి, స్నానం చేస్తుంటే మంట తట్టుకోలేకపోయాను. పాత టీషర్టుకే బిబ్‌ని, అంటే రేసు నంబరు రాసిన కాగితాన్ని, నాలుగు మూలలా పిన్నులతో పెట్టుకోమన్నాను. సమయం లెక్కించే చిప్ ఉంటే మన సమయం మనం మొదలు గీత దాటినప్పటి నుంచే లెక్క, కాబట్టి గుంపులో వెనక నిలబడితే పోయేదేమీ లేదు. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, అంతే.

నిన్న ఆదివారం ఇద్దరం కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టాం. సబ్‌మెరైన్ మ్యూజియం దాటేసరికే చెల్లి నా కంటే ఇరవై అడుగులు ముందుంది. "నెమ్మదిగా ఎల్లమ్మా" అని కేకేశాను. వెనక్కి తిరిగి నవ్వి, అడుగు తగ్గించింది.