చెట్టుకప్పను చూడాలంటే: అగుంబెనా, అంబోలీనా?

మలబార్ గ్లైడింగ్ కప్ప అనే ఈ చెట్టుకప్ప పడమటి కనుమల్లో తప్ప ఎక్కడా ఉండదు. పచ్చని ఒళ్లు, వేళ్ల మధ్య ఎర్రటి పొర. ఆ పొరల్ని గొడుగులా విప్పి కొమ్మ మీంచి కిందికి జారుతుంది. వానాకాలంలో నీటిగుంట మీదికి వాలిన ఆకుల్లో తెల్లటి నురగ గూడు పెడుతుంది. గుడ్లు పగలగానే తోకకప్పలు ఆ నురగలోంచి కింది నీళ్లలోకి రాలిపడతాయి. జూన్ దాటాక అగుంబెలోనో అంబోలీలోనో ఒక్క రాత్రి టార్చితో నడిచినా చాలు, ఇదంతా చూడొచ్చు.

అడవి: కర్ణాటకలోని అగుంబెది దట్టమైన వర్షారణ్యం. మహారాష్ట్రలోని అంబోలీలో అడవితో పాటు ఎర్రరాతి మైదానాలూ ఉంటాయి.

ప్రయాణం: అగుంబెకి ఉడుపి నుంచి ఘాట్ రోడ్డు. అంబోలీకి సావంత్‌వాడి స్టేషన్ దగ్గర, సుమారు 30 కిలోమీటర్లు.

బస: అగుంబెలో హోమ్‌స్టేలే ఎక్కువ. అంబోలీలో హోటళ్లు దొరుకుతాయి, కానీ జలపాతం కోసం వీకెండ్‌లో జనం విరగబడతారు.

రిస్క్: జలగలు, పిట్ వైపర్ అనే విషపాములు రెండుచోట్లా ఉంటాయి. స్థానిక గైడ్ లేకుండా రాత్రి అడుగు పెట్టొద్దు. దోమల మందు పూసిన చేత్తో కప్పను అసలు ముట్టుకోవద్దు, దాని చర్మం అన్నీ పీల్చేసుకుంటుంది.

పిల్లలతో రెండురోజులే వెళ్తే అంబోలీ. ఆ చుట్టుపక్కల తప్ప దొరకని, అంతరించే ప్రమాదంలో ఉన్న అంబోలీ టోడ్ అనే కప్ప కూడా కనిపించొచ్చు. నాలుగు రోజులు తీరిక ఉండి, వానలో తడవడానికి సిద్ధమైతే మాత్రం నా ఓటు అగుంబెకే.