టాప్స్ క్లబ్: బరువు తగ్గడానికి కంటే తగ్గిన బరువు నిలబెట్టుకోవడానికి

బరువు తగ్గించే కార్యక్రమాల మీద రివ్యూలకు కొదవ లేదు. పన్నెండు కిలోలు తగ్గినవాళ్ళు ఆ తర్వాత రెండో ఏడు, మూడో ఏడు ఎవరికి లెక్క చెప్పుకోవాలన్నది మాత్రం ఎవరూ రాయరు. అమెరికా, కెనడాల్లో ఉన్న తెలుగువాళ్ళకి ఆ పనికి చవకగా దొరికేది టాప్స్. పూర్తి పేరు టేక్ ఆఫ్ పౌండ్స్ సెన్సిబ్లీ. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో ఎస్తర్ మాంజ్ అనే గృహిణి 1948లో తన వంటింట్లో కొందరు స్నేహితురాళ్ళని కూర్చోబెట్టి మొదలుపెట్టింది. లాభం కోసం నడిచే సంస్థ కాదు. పొడులు, మాత్రలు, డబ్బా భోజనాలు అమ్మరు. పెద్ద పేరున్న వ్యాపార సంస్థలు ఒకటి రెండు నెలలకు తీసుకునే డబ్బుతో ఇక్కడ ఏడాది సభ్యత్వం వచ్చేస్తుంది. దాని మీద చాప్టర్‌కి, అంటే మీ ఊళ్ళో నడిచే శాఖకి, నెలనెలా కొద్దిపాటి చందా ఉంటుంది. మొదటిసారి వెళ్ళి చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు.

వారానికి ఒక సమావేశం. చర్చి హాల్లోనో, కమ్యూనిటీ సెంటర్లోనో, లైబ్రరీ గదిలోనో జరుగుతుంది. రాగానే పక్కకి వెళ్ళి తూకం వేయించుకోవాలి. తూచేది ఆ చాప్టర్లో సభ్యురాలే, అంకె ఆవిడ పుస్తకంలోకి వెళ్తుంది తప్ప పైకి చదవరు. తర్వాత హాజరు పిలిచేటప్పుడు చాలా చాప్టర్లలో తగ్గారో, పెరిగారో, అలాగే ఉన్నారో చెప్పమంటారు. మిగతా అరగంటో గంటో ఏదో ఒక అంశం మీద మాట్లాడుకుంటారు. నిజం చెప్పాలంటే ఆ మాటలు కొన్ని వారాలు చప్పగానే ఉంటాయి. మీరు డబ్బు కట్టేది వాటికి కాదు, తక్కెడ దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చున్న ఆ మనిషికి.

ఈ క్లబ్‌లో అసలు మెచ్చుకోవాల్సింది కాప్స్ అనే హోదా: కీప్ ఆఫ్ పౌండ్స్ సెన్సిబ్లీ. చేరాల్సిన బరువు మీ అంతట మీరు రాసుకుంటే చెల్లదు, డాక్టర్ రాసి ఇవ్వాలి. అది చేరిన రోజు చిన్న వేడుక చేసి కాప్స్‌గా ప్రకటిస్తారు. అక్కణ్ణించి గీసిన హద్దుల్లో ఉండాలి, వారం వారం తూకానికి రావాలి. మిగతా కార్యక్రమాలు "అయిపోయింది, అభినందనలు" అని సర్టిఫికెట్ ఇచ్చి పంపించే చోట వీళ్ళ అసలు పని మొదలవుతుంది.

ఎదురుగా మనిషి ఉంటే నిజంగా తేడా వస్తుందా? 2006లో రీనా వింగ్ అనే అమెరికా పరిశోధకురాలి బృందం ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీని మీదే. అంతకు ముందు రెండేళ్ళలో తమ బరువులో కనీసం 10 శాతం తగ్గినవాళ్ళు 314 మందిని మూడు గుంపులు చేసి, 18 నెలలు చూశారు. కేవలం న్యూస్‌లెటర్ పంపిన గుంపులో 72 శాతం మంది 2.3 కిలోలు, అంతకన్నా ఎక్కువ తిరిగి పెరిగారు. ఇంటర్నెట్ ద్వారా కలిసిన గుంపులో 55 శాతం, ముఖాముఖి కలిసిన గుంపులో 46 శాతం. ముఖాముఖి గుంపులో కూడా దాదాపు సగం మంది పెరిగారన్నది దాచక్కర్లేదు. ఆ ప్రయోగం టాప్స్ మీద చేసింది కాదు గానీ, సూత్రం అదే.

ఆ పరిశోధనలోంచి మనం తీసుకోవాల్సింది రంగుల పద్ధతి. తగ్గాక వేసుకున్న మొదటి తూకం మీద 1.4 కిలోల వరకు పెరిగితే పచ్చ, అలాగే సాగిపోండి. అది దాటి 2.3కి లోపు ఉంటే పసుపు, ఎక్కడ జారిందో వెతకండి. 2.3 చేరితే ఎరుపు, మళ్ళీ తగ్గే రోజుల్లో తిన్న లెక్కకి వెనక్కి వెళ్ళాలి. ఈ మూడు హద్దులు కాగితం మీద రాసి, మిమ్మల్ని తూచే మనిషి చేతిలో పెట్టండి. మీ ఫ్రిజ్ మీద అంటించుకుంటే నెలకి అది గోడలో కలిసిపోతుంది.

ఇక తిండి సలహాల దగ్గర తెలుగువాళ్ళు సొంతంగా కష్టపడాలి. క్లబ్ వాడే మార్పిడి పట్టికలు (ఏ తిండి ఎంత తింటే ఒక భాగం కింద లెక్కో చెప్పేవి) రొట్టె, బంగాళాదుంపల కోసం రాసినవి. మన పళ్ళానికి అన్వయించుకుంటే ఇలా ఉంటుంది: మూడో వంతు కప్పు అన్నం ఒక పిండి భాగం, దాదాపు 80 కేలరీలు. చెంచా నూనె ఒక కొవ్వు భాగం, 45 కేలరీలు. పది వేరుశనగ గుళ్ళు కూడా ఒక కొవ్వు భాగమే. ఒకటిన్నర కప్పు పులిహోరలో నాలుగున్నర పిండి భాగాలు, పోపులో మూడు చెంచాల నూనె పడితే మూడు కొవ్వు భాగాలు, పైన గుళ్ళు వేరు. ఐదు వందలు దాటింది. "ప్రసాదమే కదా" అని రెండోసారి పెట్టించుకుంటే భోజనం మొత్తం అక్కడే అయిపోయింది. ఈ లెక్క చాప్టర్లో ఎవరూ చెప్పరు, వాళ్ళకి పులిహోర తెలియదు.

లోపాలు ఇంకా ఉన్నాయి. చాలా చాప్టర్లలో పెద్ద వయసు ఆడవాళ్ళే ఎక్కువ, కొన్నిచోట్ల సమావేశం పనిరోజు పొద్దున పెడతారు. ఉద్యోగం చేసే ముప్పై ఐదేళ్ళ మనిషి సాయంత్రం చాప్టర్ వెతుక్కోవాలి, లేదా ఆన్‌లైన్ సభ్యత్వంతో సర్దుకోవాలి. పోటీలు, కిరీటాలు, రాష్ట్ర స్థాయి రాణులు, రాజులు ఉంటారు. కొందరికి అది సరదా, కొందరికి బడి వార్షికోత్సవంలా ఉంటుంది. పెరిగితే చిల్లర జరిమానా వేసే చాప్టర్ దొరికితే మానేయండి. జరిమానా వల్ల బరువు తగ్గదు, హాజరు తగ్గుతుంది.

అదే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. పెరిగిన వారమే మనిషి రాడు. ముందురోజు రాత్రి బిర్యానీ, ఆవకాయ తిని పొద్దున తక్కెడెక్కితే కిలో ఎక్కువ చూపిస్తుంది. కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి, ఒక్క రాత్రిలో అది కుదరదు. ఉప్పు పట్టి ఉంచిన నీరు, పిండి పదార్థంతో పాటు ఒంట్లో నిలిచిన నీరు అది, రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. ఆ సంగతి తెలియక ఒక వారం ఎగ్గొట్టినవాళ్ళు రెండో వారం సిగ్గుతో ఎగ్గొడతారు, మూడో వారానికి నిజం కొవ్వే చేరుతుంది. చేరేటప్పుడే ఒకరితో మాట అనుకోండి: ఒక వారం రాకపోతే ఫోన్ చెయ్యమని.

ఇంట్లో తూకం వేరు, చాప్టర్ తూకం వేరు. రెండిటి మధ్య కిలో తేడా మామూలే, కాబట్టి ఏదో ఒకదాని అంకెలే రాసుకోండి. అదే పూట, ఒకే రకం బట్టలు, బూట్లు లేకుండా. ఇంటి తక్కెడని తివాచీ మీద పెట్టకండి, గట్టి నేల మీద పెట్టండి. ఒంట్లో కొవ్వు శాతం చూపించే రకానికి ఎక్కువ పెట్టక్కర్లేదు, తాగిన నీళ్ళని బట్టి ఆ అంకె ఊగుతుంది.

సెలవులకి ఇండియా వెళ్ళేటప్పుడే చాలామంది హద్దు దాటుతారు. ఆరు వారాలు, రోజుకో చుట్టాలిల్లు. "ఒక్క గరిటె వేసుకోవే" అనే పిన్నికి మీ కాప్స్ హోదా పట్టదు. వారానికోసారి చుట్టాలింట్లో ఉన్న తక్కెడతోనే సరే, ఫోటో తీసి చాప్టర్ స్నేహితురాలికి పంపుతానని ముందే చెప్పి బయల్దేరండి.

సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లతో తగ్గి మానేసినవాళ్ళకి ఇది ఇంకా అవసరం. ఆ మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు పరిశోధనలోనే తేలింది. ఆపాలా వద్దా అన్నది డాక్టర్‌తో తేల్చుకోండి, తూకం మాత్రం ఆపిన వారం నుంచే మొదలవ్వాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే ఈ క్లబ్ దొరకదు, దాని ఎముకల గూడు మాత్రం తెచ్చుకోవచ్చు. నలుగురికి మించని వాట్సాప్ గ్రూపు, ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి తక్కెడ ఫోటో. అంకె టైప్ చేస్తే ఒప్పుకోవద్దు. ఎనిమిదిలోగా ఫోటో రాకపోతే వంతు ప్రకారం ఒకరు ఫోన్ చెయ్యాలి. భార్యాభర్తలు ఒకే గ్రూపులో ఉండకపోవడం మంచిది, ఆదివారం పొద్దున్నే ఇంట్లో గొడవలెందుకు.