వేసవిలో ఊరెళ్తూ వదిలివెళ్ళే ట్రైలర్‌కి: కవరా, షెడ్డా, ఏసీ గోడౌనా?

టెక్సాస్‌లో బడులు మే నెలాఖరుకు మూసేసి ఆగస్టు మధ్యలో తెరుస్తారు. హ్యూస్టన్ చుట్టుపక్కల పిల్లలున్న తెలుగు ఇళ్ళు చాలావరకు ఇండియా ప్రయాణం పెట్టుకునేది ఆ పది వారాల్లోనే. ఇక్కడి గాలి ఒంటికి అంటుకునేంత చెమ్మగా ఉండేదీ సరిగ్గా అప్పుడే. ఇల్లంటే పర్వాలేదు, ఏసీని 82 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెట్టి పక్కింటివాళ్ళకు తాళం ఇచ్చి వెళ్తాం. వంటగది, పడకలతో బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇరవై ఆరు అడుగుల ట్రావెల్ ట్రైలర్‌ని ఏం చేయాలి? మా కాలనీ సంఘం దాన్ని ఇంటి ముందు రెండు రోజులకు మించి ఉండనివ్వదు. అంచేత డబ్బు కట్టి స్టోరేజీ యార్డులో పెట్టాల్సిందే. మూడు వేసవుల్లో మూడు రకాలుగా పెట్టి చూశాను. మూడూ ఒకటి కావు.

ఏది మేలో చెప్పేముందు ఒక లెక్క. ఇది తెలియకే మొదటి రెండేళ్ళు డబ్బు తగలేశాను. జులైలో హ్యూస్టన్ డ్యూ పాయింట్ తరచూ 75 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. అంటే ఆ గాలి 75కి చల్లబడితే చాలు, నీరు దిగుతుంది. మధ్యాహ్నం బయట 95 ఉన్నప్పుడు అదే గాలిలో తేమ శాతం 53 దగ్గర తేలుతుంది. తలుపులు మూసిన ట్రైలర్ ఎండకు కాగి లోపల 120కి పోతే, శాతం పాతికకు పడిపోతుంది. గాలిలోని నీరు మాత్రం అంతే ఉంది, వేడెక్కింది కాబట్టి పొడిగా కనిపిస్తుంది. తెల్లవారుజామున 78కి చల్లబడగానే అదే గాలి తొంభై శాతానికి ఎక్కుతుంది. పగలు వేపుడు మూకుడు, రాత్రి ఆవిరి గిన్నె. ఇంట్లో తేమ 60 శాతం దాటకుండా చూసుకోమంటుంది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ. మూసి పెట్టిన ట్రైలర్ మరి ప్రతి రాత్రీ కొన్ని గంటలపాటు ఆ గీత దాటే ఉంటుంది. పైగా పరుపులు, ప్లైవుడ్, కుషన్లు పగలు వదిలిన చెమ్మను రాత్రి మళ్ళీ పీల్చుకుంటాయి.

కాబట్టి ఇక్కడ శత్రువులు ఇద్దరు, వాళ్ళు వంతులేసుకుని పనిచేస్తారు. ఒకరికి మందు నీడ, రెండోవారికి మందు ఆరబెట్టడం. ఫీనిక్స్‌లో ఉండే మా బావమరిదికి ఈ గొడవే లేదు. "బావా, నువ్వు ఊరికే కంగారు పడతావ్. కిటికీలకు వెండి రేకు షీట్లు అంటించి, తాళం వేసి విమానమెక్కు," అంటాడు. అక్కడ అదే సరిపోతుంది. అరిజోనాలో పోయేది టైర్లు, రబ్బరు సీళ్ళు, పైకప్పు సందులు మూసే సీలెంటు. బూజు కాదు. వాడి సలహా నమ్మి ఇక్కడ తాళం వేసి వెళ్ళినవాడు ఆగస్టులో తలుపు తీస్తే ముక్కిపోయిన బియ్యం డబ్బా మూత తీసినట్టుంటుంది. ఆ మొదటి ఏడు తీసింది నేనే.

ఆ మొదటి వేసవి ఆరుబయట జాగా, పైన కవర్. అందరూ మొదట చేసేది ఇదే, చవక కాబట్టి. మూడువందల యాభై డాలర్లు పెట్టి పాలీప్రొపిలీన్ కవర్ కొన్నాను. గాలి ఆడే గుడ్డ అని పెట్టె మీద రాసి ఉంది, నిజంగానే ఆడుతుంది. నీలం బరకం కప్పేవాళ్ళతో పోలిస్తే నేను తెలివైనవాణ్ణే. బరకం కింద చెమ్మ బయటికి పోయే దారే ఉండదు, గాలికి టపటపా కొట్టుకుని మూలల్లో పెయింటు కూడా గీరుకుపోతుంది. కానీ కవర్ నీడ, చెట్టు నీడ లాంటిది కాదని ఆలస్యంగా అర్థమైంది. కవర్ పైకప్పుకు ఆనుకునే ఉంటుంది. అది కాగితే కప్పూ కాగుతుంది, మధ్యలో గాలి లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి సీళ్ళకు, డెకాల్స్‌కు రక్షణ దొరుకుతుంది, ఒప్పుకుంటాను. లోపలి వేడి మాత్రం పెద్దగా తగ్గదు. పైగా కప్పు మీది సోలార్ ప్యానెల్‌ను కూడా కప్పేశాను. ప్రొపేన్ డిటెక్టరు లాంటివి చాటుగా కరెంటు తాగుతూనే ఉంటాయి. ఊరి నుంచి వచ్చేసరికి లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. రెండో వేసవికి ఆ కవరే కుట్ల దగ్గర పీలికలైంది.

చలి ప్రాంతాల్లో, ఆకులు రాలే చెట్ల కింద, మంచులో కవర్‌కు న్యాయం జరుగుతుంది. ఈ టెక్సాస్ గల్ఫ్ తీరంలో, జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు తుఫాన్ల సీజన్ అని క్యాలెండర్లో రాసుకునే చోట, అది ట్రైలర్‌కి కట్టిన తెరచాప.

రెండో వేసవి కవర్‌తోపాటు క్యాల్షియం క్లోరైడ్ కూడా కొన్నాను. చెమ్మ పీల్చే బకెట్లు మూడు, అల్మారాల్లో వేలాడదీసే సంచులు నాలుగు. ఇండియా వెళ్ళేవాళ్ళలో సగంమంది నమ్ముకునేది వీటినే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. ఆ గుళికలు నిజంగానే నీరు పీలుస్తాయి, చివరికి ఉప్పునీరుగా మారతాయి. చిన్న అల్మారా, వారానికోసారి చూసే మనిషి ఉంటే చక్కగా పనిచేస్తాయి. పది వారాలు ఎవరూ తొంగిచూడని ట్రైలర్‌లో గుళికలు మధ్యలోనే కరిగిపోతాయి. ఆ తర్వాత అక్కడున్నది చెమ్మ పీల్చే మందు కాదు, చెమ్మే. నా సంచుల్లో ఒకటి అడుగున కారి కింది డ్రాయర్ పట్టాల మీద పడింది. ఆ ఉప్పునీరు మామూలు నీళ్ళలా ఆరిపోదు, ఇనుమును తింటుంది. ఇప్పటికీ ఆ డ్రాయర్ లాగితే కీచుమంటుంది. మా ఆవిడ ప్రతి ట్రిప్పులో ఒకసారైనా దాన్ని లాగి నావైపు చూస్తుంది.

ఇక్కడే ఇంకో తప్పు చేశాను. బకెట్లు పెట్టి, గాలి ఆడాలి కదా అని కప్పు మీది వెంట్లు కూడా తెరిచి వెళ్ళాను. ఆ మూడు బకెట్లతో హ్యూస్టన్ గాలి మొత్తాన్ని ఆరబెట్టబోయాను. ఈ విషయంలో మధ్యేమార్గం లేదు. తెరిస్తే పూర్తిగా తెరవాలి, ఆరబెడితే పూర్తిగా మూయాలి.

యార్డులో కరెంటు లేనివాళ్ళకు నేను చెప్పేది తెరవమనే. వానకు తడవకుండా వెంట్ల మీద బిగించే టోపీల్లాంటి కవర్లు దొరుకుతాయి. అవి పెట్టి వెంట్లు తెరిచి, సోలార్ ఉంటే ఒక 12 వోల్ట్ ఫ్యాన్ సన్నగా తిరగనివ్వాలి. రాత్రి తేమ తొంభై దాకా పోతుంది, నిజమే. కానీ కదిలే గాలిలో బూజు అంత తేలిగ్గా కూర్చోదు, పగటి వేడీ కాస్త బయటికి పోతుంది. షరతు ఒకటే: గుడ్డ, తోలు, కాగితం అన్నవి లోపల ఉండకూడదు. దుప్పట్లు, చెప్పులు, పిల్లల బొమ్మల పుస్తకాలు అన్నీ ఇంటికి రావాలి. పరుపు ఎత్తి నిలబెట్టాలి.

ఏసీ గోడౌన్ సంగతి తొందరగా తేల్చేస్తాను, ఎందుకంటే అది నేను పెట్టలేదు, అడిగి వచ్చానంతే. మా వైపు నాకు చెప్పిన రేట్ల ప్రకారం ఆరుబయట జాగాకు నెలకు వంద డాలర్ల లోపు, పైన రేకు షెడ్డు ఉంటే దాదాపు రెట్టింపు, నాలుగు గోడలూ ఏసీ ఉన్నదైతే షెడ్డుకు రెట్టింపు పైమాటే. చెమ్మ విషయంలో దాన్ని మించింది లేదు. రెండు లక్షల డాలర్ల మోటార్‌హోమ్ ఉన్నవాళ్ళకు అది ఖర్చు కాదు. అయితే ఒకటి కనుక్కోండి: ఉష్ణోగ్రత మాత్రమే అదుపు చేస్తారా, తేమ కూడానా? రెండూ వేరు. ఇక గోడలున్నాయి కానీ ఏసీ లేదు, రేకు గది అంతే, అంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. వడగళ్ళు, దొంగల భయం ఉండదు, అంతవరకే. గాలి ఆడని రేకు గది హ్యూస్టన్ జులైలో ఆవిరి కుడుముల గిన్నె.

"ట్రైలర్‌లోనే ఏసీ ఉందిగా, దాన్నే వేసి వెళ్తే?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. స్టోరేజీ యార్డుల్లో ప్లగ్గు ఉన్నా అది మామూలు 15, 20 ఆంపులదే. 13,500 బీటీయూ ఏసీ ఒక్కటే ఇంచుమించు అంతా లాగేస్తుంది. పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగ మీద నెలల తరబడి దాన్ని నడపడమంటే తీగకు నిప్పు పెట్టడమే. కరెంటు సరిపోయినా లాభం తక్కువ. 68లో పెడితే గోడలు డ్యూ పాయింట్ కంటే చల్లబడి, బయటి గాలి చొరబడే సందులన్నీ తడుస్తాయి. 82లో పెడితే మధ్యాహ్నం నడిచి రాత్రి ఆగిపోతుంది. చెమ్మ ఎక్కువయ్యేది రాత్రేనాయె.

మూడో వేసవి, 2024లో, షెడ్డు జాగా తీసుకున్నాను. నాలుగు స్తంభాల మీద రేకు కప్పు, గోడలు లేవు, స్తంభానికో ప్లగ్గు. లోపల రోజుకు 22 పైంట్లు, అంటే దాదాపు పది లీటర్లు తీసే చిన్న డీహ్యుమిడిఫయర్, గాలిలోని చెమ్మ లాగే యంత్రం. అది మూడు ఆంపులు కూడా లాగదు. నీడ, ఆరబెట్టడం ఒకదానికొకటి కావాలని అప్పుడు తెలిసింది. ఈ యంత్రాల కాగితాల మీద తొంభై, తొంభై ఐదు డిగ్రీలు దాటిన గదిలో నడపొద్దని రాసి ఉంటుంది. ఎండలో నిలబెట్టిన 120 డిగ్రీల ట్రైలర్‌లో దాని కంప్రెసర్ ఎన్నాళ్ళు బతుకుతుంది? షెడ్డు కింద లోపలి వేడి బయటి వేడి దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే కప్పుకూ ట్రైలర్‌కూ మధ్య నాలుగడుగుల గాలి ఉంది. కవర్ ఇవ్వలేనిది అదే. వెంట్లు, కిటికీలు మూసి, యంత్రాన్ని 50 శాతంలో పెట్టి, దాని గొట్టాన్ని వంటగది సింకులోకి వదిలాను. మూసిన జాగా కాబట్టి మొదటి కొన్ని రోజులే ఎక్కువ నీరు వచ్చింది, తర్వాత అప్పుడప్పుడూ నడిచింది. సింకు నీళ్ళు చేరే గ్రే ట్యాంకులో 40 గ్యాలన్లు పడతాయి, అది నిండలేదు.

ఆ ఏడు జులై 8న బెరిల్ తుఫాను మాటగోర్డా దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. నేను తెనాలిలో అత్తగారింటి వరండాలో కూర్చుని, ఫోన్లో ట్రైలర్ లోపలి తేమ అంకె చూస్తూ ఉన్నాను. లోపల ఒక సెల్యులార్ సెన్సరు పెట్టి వచ్చాను, అది బ్యాటరీ మీద నడుస్తుంది. 51, 58, 66. మామయ్యగారు "ఏం బాబూ, షేర్లు పడిపోయాయా?" అన్నారు. అయిదో రోజు కరెంటు వచ్చింది, అంకె మళ్ళీ కిందికి దిగడం మొదలైంది. నా అదృష్టం కొద్దీ ఆ డీహ్యుమిడిఫయర్ కరెంటు రాగానే తనంతట తానే మొదలయ్యే రకం. కొనేముందు ఆ సంగతి నేను చూడనేలేదు. మీరు చూడండి. నడుస్తుండగా గోడ ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టండి. మళ్ళీ తిరిగితే ఉంచుకోండి, బటన్ నొక్కేదాకా ఊరుకుంటే దుకాణంలో వాపసు ఇచ్చేయండి.

ఆగస్టులో తలుపు తీస్తే వాసన లేదు. ఒక్క స్నానాల గది అల్మారా మూలలో అణా బిళ్ళంత బూజు, అదీ తలుపు మూసి వెళ్ళినందుకే. మిగిలినవన్నీ బార్లా తెరిచాను, ఫ్రిజ్ తలుపుకు తువ్వాలు అడ్డం పెట్టాను.

ఏ పద్ధతి పట్టుకున్నా కప్పు మీది సీలెంటు పగుళ్ళు చూడకుండా వెళ్తే అంతా దండగే. గాలిలోని చెమ్మను యంత్రం తీస్తుంది, కప్పులోంచి కారే వాన నీటిని తీయలేదు. అది ఫైబర్‌గ్లాస్ వెనకున్న పల్చటి ప్లైవుడ్‌ను తడిపి గోడను బుడగలా ఉబ్బిస్తుంది, ఆ రిపేరుకు షెడ్డు అద్దె పదేళ్ళు కట్టొచ్చు. ఈపీడీఎం రబ్బరు కప్పయితే పెట్రోలియం కలిసిన క్లీనర్లు ముట్టించకండి. టైర్లకు తెల్ల కవర్లు వేయండి, టైరు పక్క అంచు మీద DOT అని మొదలయ్యే అంకెల్లో చివరి నాలుగు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. నడిచిన మైళ్ళు తక్కువేగా అనుకోకండి, ట్రైలర్ టైరు అరిగి పోదు, ముసలిదై పోతుంది. లిథియం బ్యాటరీ అయితే సగం ఛార్జీలో తీగ విప్పి వెళ్ళండి, లెడ్ యాసిడ్ అయితే నిండా ఉంచే చిన్న ఛార్జరు పెట్టండి. వాటర్ హీటరు, ఫర్నేసు వెంట్లకు జాలీలు బిగించండి. లేకపోతే కందిరీగలు మట్టి గూళ్ళు కట్టి అక్కడే కాపురం పెడతాయి.

ఈ ఏడాది యార్డు వాళ్ళు షెడ్డు అద్దె నెలకు ఇరవై డాలర్లు పెంచారు. ఆరుబయట జాగాలు ఖాళీగానే ఉన్నాయి, మారమంటారా అని మర్యాదగానే అడిగారు. మారనన్నాను. నా స్తంభం మీది ప్లగ్గు ఎప్పుడైనా ట్రిప్ అయితే ఒక మెసేజ్ పెట్టమని మాత్రం అడిగాను. సరేనన్నారు. అయినా సెన్సరుకు కొత్త బ్యాటరీలు వేశాను.