గ్రైండర్: తిరిగొచ్చిన కథకి తర్వాతి చిరునామా వెతికిపెట్టే సైటు

ఇంగ్లీషులో కథలూ కవితలూ రాసి విదేశీ పత్రికలకు పంపే తెలుగువాళ్లు హైదరాబాదులోనూ ఉన్నారు, డాలస్‌లోనూ ఉన్నారు. అందరికీ మొదట తగిలే దెబ్బ ఒకటే. పంపిన కథ గురించి నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. చివరికి రెండు ముక్కల మెయిల్ వస్తుంది: పంపినందుకు ధన్యవాదాలు, ఈసారికి మాకు సరిపడలేదు. చాలా కథల ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. తర్వాత ఎక్కడికి పంపాలో అప్పటికప్పుడు తోచక ఫైలు మూసేస్తారు, మళ్లీ తెరవరు. సరిగ్గా ఈ చోట పనికొచ్చే సైటు 'ది సబ్మిషన్ గ్రైండర్'. కథకు సరిపడే పత్రికలు వెతకడానికీ, ఏది ఎక్కడికి పంపామో లెక్క రాసుకోవడానికీ ఇది.

డయబాలికల్ ప్లాట్స్ పత్రిక నడిపే డేవిడ్ స్టెఫెన్ 2013 జనవరిలో దీన్ని మొదలుపెట్టారు. అంతకుముందు ఈ పనికి ఎక్కువమంది వాడినది డుయోట్రోప్. 2005 నుంచి ఉచితంగా నడిచిన ఆ సైటు 2013లో చందా పద్ధతికి మారింది: నెలకు 5 డాలర్లు, ఏడాదికైతే 50. మన డబ్బుల్లో ఏడాదికి నాలుగు వేలకు పైమాటే. గ్రైండర్ అప్పుడూ ఉచితమే, ఇప్పుడూ ఉచితమే. ఇష్టమున్నవాళ్లు ఇచ్చే విరాళాలే దానికి ఆసరా. కవిత్వం ప్రధానంగా రాసేవాళ్లకు డుయోట్రోప్ జాబితా ఇంకా పనికొస్తుంది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, హారర్ కథలకు గ్రైండర్‌ను మించింది లేదు.

పత్రికలు వెతకడానికి ఖాతా అక్కర్లేదు. ఏ కథ ఎక్కడికి పంపామో రాసిపెట్టుకోవాలంటే మాత్రం కావాలి. ముందు కథ పేరు, మాటల సంఖ్య, జానర్ నమోదు చేయాలి. మాటల సంఖ్య దగ్గర సర్దుబాట్లు పనికిరావు. 1000 మాటల లోపు కథను ఫ్లాష్ అంటారు. 1040 మాటల కథను ఫ్లాష్ లెక్కలో పంపితే కొన్ని పత్రికల ఫారమే దాన్ని లోపలికి తీసుకోదు, కొన్ని చదవకుండానే తిప్పి పంపుతాయి. ఆ 40 మాటలు కోసేయడం తేలిక. చదవకుండా తిరిగొచ్చిన కథకి బాధపడటం వృథా.

వెతికేటప్పుడు ప్రస్తుతం మూసి ఉన్న పత్రికలను తీసేయమనే గడికి టిక్కు పెట్టండి. అది మరిచిపోతే జాబితా కొండంత వస్తుంది, తెరిచి చూస్తే చాలావాటి తలుపులు వేసి ఉంటాయి. పారితోషికాన్ని బట్టి కూడా వడకట్టొచ్చు. అమెరికాలోని సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం 2019లో ప్రొఫెషనల్ రేటును మాటకు 6 సెంట్ల నుంచి 8 సెంట్లకు పెంచింది. అంటే 3000 మాటల కథకు 240 డాలర్లు. ఆ స్థాయి పత్రికలకు పోటీ విపరీతం. అయినా వరస పైనుంచే మొదలుపెట్టాలి. చిన్న పత్రికలో ఒకసారి అచ్చయిన కథను కొత్త కథగా పెద్ద పత్రిక తీసుకోదు.

కొత్తవాళ్లు తికమకపడేది రెండు నియమాల దగ్గర. ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపడం సైమల్టేనియస్. ఒకే పత్రికకు ఒకేసారి రెండు కథలు పంపడం మల్టిపుల్. ఒకదానికి ఒప్పుకున్న పత్రిక రెండోదానికి ఒప్పుకోవాలని లేదు. ఉదాహరణకు క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక సైమల్టేనియస్ ఒప్పుకోదు, కానీ జవాబు చాలాసార్లు రోజుల్లోనే ఇచ్చేస్తుంది కాబట్టి రచయితకు నష్టం లేదు. ఏడాది పాటు కథను పట్టి ఉంచుతూ ఇంకెక్కడికీ పంపకూడదనే పత్రికను మాత్రం వరసలో కిందికి నెట్టండి.

గ్రైండర్‌లో పత్రికల వివరాలు మనుషులు చేత్తో మార్చేవి, కాబట్టి అక్కడక్కడా పాతవి ఉంటాయి. పంపే ముందు పత్రిక సొంత నియమాల పేజీ చదవకుండా అడుగు వేయకండి. కథలు తీసుకునే గడువు ఏ దేశం టైమో కూడా చూసుకోవాలి. న్యూయార్క్ టైములో రాత్రి 11.59 అంటే మనకు మర్నాడు ఉదయం 9.29, చలికాలమైతే 10.29. కొన్ని పత్రికలు ఇన్ని వందల కథలు రాగానే మూసేస్తామని ముందే చెబుతాయి. వాటికి చివరి రోజు అన్న మాటే లేదు, తెరిచిన గంటలోనే పంపాలి.

ఇక అసలు ఉపయోగం. కథ పూర్తయిన రోజునే, ఇంకా ఎక్కడికీ పంపకముందే, దానికి సరిపడే అయిదు పత్రికలను వెతికి వరస రాసిపెట్టుకోండి. మొదటిదానికి పంపి తేదీ నమోదు చేయండి. తిరిగొచ్చిన రోజున చేయాల్సింది పావుగంట పని: జవాబు నమోదు చేయడం, రెండో పత్రిక నియమాల ప్రకారం ఫాంటు, ఫైలులోంచి రచయిత పేరు తీసేయడం లాంటివి సరిచూడటం, పంపడం. మనసు బాగాలేని రోజున నిర్ణయాలు తీసుకోవాల్సిన అవసరమే ఉండదు, అవన్నీ మనసు బాగున్న రోజున తీసుకున్నవే. తిరస్కరణకు ఇంతకన్నా పనికొచ్చే మందు లేదని నా నమ్మకం. కథ మీ దగ్గర ఖాళీగా ఒక్క రాత్రి కూడా ఉండకూడదు.

ఒక్కో పత్రిక పేజీలో జవాబుకు పట్టే రోజుల సగటు, మీడియన్ (అన్నిటినీ వరసగా పేర్చితే నడిమధ్యన ఉండే అంకె), అతి తక్కువ, అతి ఎక్కువ ఉంటాయి. అంగీకారాలకు వేరుగా, తిరస్కరణలకు వేరుగా చూపిస్తారు. మీడియన్‌ను నమ్మండి, సగటును కాదు. ఏడాదిన్నర తర్వాత జవాబొచ్చిన ఒక్క కథ సగటును పైకి లాగేస్తుంది. ఇవన్నీ రచయితలు తమంతట తాము ఇచ్చిన లెక్కలని కూడా గుర్తుంచుకోవాలి. అచ్చుకు తీసుకున్నారన్న సంతోషంలో నమోదు చేసేవాళ్లు ఎక్కువ, తిరిగొచ్చిందని నమోదు చేసేవాళ్లు తక్కువ. అందుకే అక్కడ కనిపించే అంగీకారాల శాతం అసలు కన్నా ఎక్కువే ఉంటుంది. అక్కడ మూడు శాతం అని చూసి, మీ కథ ఆ మూడులో లేదని కుంగిపోవడం అర్థం లేని పని.

ఈ పేజీతోనే ప్రమాదం కూడా ఉంది. ఒక పత్రిక తిరస్కరణలు మామూలుగా 12 రోజుల్లో పంపుతోందనుకుందాం. మీ కథ వెళ్లి 25 రోజులైంది. సంపాదకులు పక్కన పెట్టుకున్నారనే ఆశ మొదలవుతుంది, రోజుకు పదిసార్లు పేజీ తెరుస్తారు. ఒకప్పుడు పోస్ట్‌మేన్ కోసం వీధి గుమ్మంలో నిలబడ్డట్టే. ఆ ఆలస్యానికి కారణం పత్రికలో కథలను మొదట చదివి వడకట్టే మనిషికి జ్వరం రావడం కావొచ్చు, కథలు ఒక్కసారిగా వచ్చి పడటం కావొచ్చు. 2023 ఫిబ్రవరిలో యంత్రాలు రాసిన కథలు వెల్లువెత్తి క్లార్క్స్‌వరల్డ్ కొంతకాలం స్వీకరణే ఆపేసింది. ఆ అవస్థలేవీ గ్రాఫులో కనపడవు. వారానికి ఒకసారి, ఒక నిర్ణీత రోజున చూసి మూసేయండి.

చాలా పత్రికలు రచనలు తీసుకోవడానికి వాడే సైటు సబ్మిటబుల్‌లోనూ ఇదే తంతు. 'రిసీవ్డ్' కాస్తా 'ఇన్ ప్రోగ్రెస్' అయిందంటే పత్రికవాళ్లు దాన్ని ఎవరికో అప్పగించారనో, ఎవరో ఏదో మీట నొక్కారనో మాత్రమే అర్థం. మంచికీ చెడుకీ సూచన కాదు. అయిదు కవితల కట్టలో ఒకటి వేరేచోట తీసుకుంటే 'విత్‌డ్రా' నొక్కకండి, కట్ట మొత్తం పోతుంది. ఆ ఒక్క కవిత పేరు రాసి మెసేజ్ పెట్టండి.

జవాబు నమోదు చేసేటప్పుడు గ్రైండర్ అది ఫారం తిరస్కరణా, పర్సనలా అని అడుగుతుంది. కథలోని పాత్రనో, ముగింపునో, ఫలానా సన్నివేశాన్నో పేరెత్తి చెబితే పర్సనల్. ఎవరికైనా అతికే వాక్యాలైతే ఫారం. ఫారం జవాబులో అంతరార్థం వెతకొద్దు, అందులో ఏమీ ఉండదు. 'ఇంకో కథ పంపండి' అని అదనంగా ఉంటే దాన్ని నిజంగానే తీసుకుని, ఆ పత్రికకే తర్వాతి మంచి కథ పంపండి. ఒక్క సంపాదకుడి మాట మీద కథను తిరగరాయకండి. ముగ్గురు వేర్వేరుగా ముగింపే కుదరలేదంటే మాత్రం ఆ ముగింపుతో కూర్చోవాల్సిందే. తిరస్కరణకు వివరణ అడుగుతూ, వాదిస్తూ జవాబు రాయడం ఎప్పుడూ వద్దు.

అసలు జవాబే రాకపోతే? జవాబుకు పత్రిక పెట్టుకున్న గడువు దాటేదాకా ఆగండి, గడువేదీ చెప్పకపోతే 90 రోజులు. ఆ తర్వాత మూడు వాక్యాల మెయిల్ చాలు: కథ పేరు, పంపిన తేదీ, ఇంకా పరిశీలనలో ఉందా అనే ప్రశ్న. దానికీ పలకకపోతే నెల తర్వాత ఉపసంహరించుకుంటున్నట్టు రాసి, గ్రైండర్‌లో 'నెవర్ రెస్పాండెడ్' అని నమోదు చేసి, వరసలో తర్వాతి పత్రికకు పంపేయండి. ఆ నమోదు మీ తర్వాత పంపబోయేవాళ్లకు హెచ్చరికగా పనికొస్తుంది.

తెలుగులో రాసేవాళ్లకు దీనిలోని జాబితా అక్కరకు రాదు, ఇది ఇంగ్లీషు పత్రికల కోసం కట్టినది. పద్ధతి మాత్రం పనికొస్తుంది. ఒక ఎక్సెల్ షీటులో కథ, పత్రిక, పంపిన తేదీ, జవాబు గడువు, ఫలితం, తర్వాత పంపాల్సిన చోటు అని ఆరు నిలువు గడులు చాలు. మన పత్రికల్లో గడువు గడి మరీ ముఖ్యం. ఇన్ని నెలల్లో కబురు రాకపోతే తీసుకోలేదని అనుకోండి అనేవే ఎక్కువ, కాబట్టి ఇక్కడ మౌనమే తిరస్కరణ. ఇది సొంత రచన, అనువాదం కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని హామీపత్రంలో సంతకం చేశాక అదే కథను రెండో పత్రికకు పంపడం తప్పు. గడువు తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని, అది దాటిన మర్నాడు ఉపసంహరణ మెయిల్ పెట్టి కదలండి. 1998 నుంచి వస్తున్న ఈమాట లాంటి వెబ్ పత్రికలకు పంపినవి సమీక్షకుల పరిశీలనకు వెళతాయి. అలాంటి చోట కథ మీద అభిప్రాయం చేతికొస్తే ఫలితం గడి పక్కన ఆ మాటలు యథాతథంగా ఎక్కించుకోండి. రెండో కథ తిరిగొచ్చినప్పుడు పోల్చి చూసుకోవడానికి అవే ఉంటాయి.

గ్రైండర్ చూడటానికి పాత కాలపు సైటులా ఉంటుంది, పట్టికల మీద పట్టికలు. నమోదుకు కంప్యూటరే మేలు. నెలకు ఒక్క కథయినా బయటికి పంపేవాళ్లు ఖాతా తెరవండి. ఏడాదికి ఒకటి పంపేవాళ్లకు వెతుకులాట పేజీ ఒక్కటీ సరిపోతుంది.