ఆరేళ్లుగా నా దగ్గరున్న ఊదా ఫైర్‌ఫిష్ జంట

ఉప్పునీటి తొట్టిలో పెంచే ఊదా ఫైర్‌ఫిష్ అనే చిన్న చేపను చూసిన వారెవరైనా మొదట దాని రంగుకే ముగ్ధులవుతారు. నేనూ అలాగే తెచ్చుకున్నాను. కానీ ఆరేళ్లుగా ఒక జంటను సాకిన తరువాత, ఈ చేపకు అన్నిటికంటే ముఖ్యమైనది దాగడానికి ఒక బొరియ అని నిస్సంకోచంగా చెప్పగలను.

నెమటెలియోట్రిస్ డెకోరా అనే ఈ జాతిని రాండల్, ఆలెన్ అనే చేపల శాస్త్రవేత్తలు 1973లో వర్ణించారు. హిందూ మహాసముద్రపు పడమటి భాగంలో కనిపించే దీని పోలిక చేపను 2013లో ఎక్స్‌క్విజిటా అనే వేరే జాతిగా గుర్తించారు. తొమ్మిది సెంటీమీటర్లు మించని డెకోరా, పగడపు దిబ్బల పాదాల దగ్గర, ఇసుకా రాళ్లముక్కలూ పరుచుకున్న చోట, సాధారణంగా 25 నుంచి 70 మీటర్ల లోతున జంటలుగా బతుకుతుంది. నీటిలో ఎరుపు కాంతి ముందుగా ఇంకిపోతుంది కనుక, మన దీపాల కింద మెరిసే దాని రెక్కల ఎరుపు అంచులు అక్కడ దాదాపు నల్లగానే ఉంటాయి.

నేను మొదట చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. పగడాల కోసం అమర్చిన గాఢమైన వెలుగులోనే వాటిని వదిలాను. పది రోజులపాటు అవి రాయి కింది నుంచి బయటికి రాలేదు. కాంతి తగ్గించి, వేలెడు వెడల్పు సందులు మిగిలేలా రాళ్లను తిరిగి పేర్చిన మూడో రోజున రెండూ బొరియ వాకిట నిలబడ్డాయి. ప్రవాహానికి ఎదురుగా ఒకే చోట తేలుతూ, వీపు మీది ముందు రెక్కను టక్కున ఎత్తి దించుతూ, కొట్టుకొచ్చే సన్నని రొయ్య తునకలను ఒక్కొక్కటిగా అందుకుంటాయి. నీడ పడితే చాలు, కన్ను మూసి తెరిచేలోగా రెండూ ఒకే రంధ్రంలోకి దూరిపోతాయి.

ఆ వేగమే వాటికి ప్రమాదం కూడా. అంతకు ముందు తెచ్చిన ఒక చేప, మేత వేసే సందు మూయడం నేను మరిచిన రాత్రి బయటికి ఎగిరి నేల మీద ఎండిపోయింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. సన్నని వలతో పూర్తిగా మూయలేని తొట్టిలో దీన్ని పెట్టకండి.

జంట కుదరని రెండింటిని కలిపితే ఒకటి రెండోదాన్ని వెంటాడి చంపవచ్చు. దూకుడు చేపలున్న తొట్టి దీనికి పనికిరాదు. లోతు నుంచి హడావిడిగా పైకి తీసిన చేపలకు ఈత తిత్తి, అంటే తేలేందుకు తోడ్పడే లోపలి గాలి సంచి, దెబ్బతింటుంది కాబట్టి, కొనే ముందు అది తల వాల్చకుండా నిలకడగా తేలుతున్నదా, మేత అందుకుంటున్నదా అని కళ్లారా చూడండి. నా జంటను ఎంచుకునే ముందు నేను రెండుసార్లు వెళ్లి చూశాను.